సంపూర్ణమ్మ ఊరి పాలు కొలిపించిన రోజు

“నా గేదె త్రేన్చితే నాకు జరిమానా ఏత్తారంట కదండీ? నిజమేనా?”

లోవమ్మ ఆ మాట అడిగినప్పుడు ఆమె చెయ్యి గేదె మెడ మీదే ఉంది. ఎవరో ఆ నిమిషమే తోలుకుపోతారన్నట్టు గట్టిగా పట్టుకుని నిలబడింది. ఎదురుగా ఉన్న వినీల చేతిలో ట్యాబ్, మెడలో గుర్తింపు కార్డు ఉన్నాయి. అవునంటే ఆ మనిషి హడలిపోతుంది. కాదంటే పూర్తి నిజం కాదు.

“అలాంటిదేం లేదండి. లెక్క రాసుకోవడానికే వచ్చాను. మీ గేదె రోజుకి ఎన్ని పాలిస్తుంది?”

“ఏదో ఇత్తాదండి. పిల్లలకి సరిపోతాయి.”

“ఎన్ని లీటర్లని రాయమంటారు?”

“మూడో నాలుగో రాసుకోండి.”

మొగలిలంకలో ఏ గుమ్మం ముందు నిలబడినా వినీలకి దొరికిన జవాబు అదే. మూడో నాలుగో. ఏదో ఇత్తాది.

వినీలది తణుకు. బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసింది. రెండున్నరేళ్ళ పాప ఉంది. పాప పుట్టిన ఏడాది వేసవిలో ఎండ ఎంత ఉందో ఆమెకి ఇప్పటికీ గుర్తే. తడిగుడ్డలు కిటికీలకి కట్టి, పసిదాని నుదురు గంటగంటకీ ముట్టుకు చూసుకుంటూ గడిపింది. ఈ పిల్ల పెద్దదయ్యేసరికి ఈ నేల ఎలా ఉంటుందో అన్న బెంగ అప్పుడు పట్టుకుంది, వదల్లేదు. పశువుల నుంచి వచ్చే మీథేన్ లెక్కకట్టే ఉద్యోగం ఉందనగానే, కాంట్రాక్టుదైనా సరేనని చేరింది.

పథకం ప్రయోగంగా కొన్ని మండలాల్లోనే మొదలైంది. గేదె నెమరు వేసేటప్పుడు కడుపులో గడ్డి పులిసి మీథేన్ పుడుతుంది, త్రేన్పులతో బయటికొస్తుంది. ఎండల్ని పెంచే వాయువుల్లో అదొకటి. ప్రతి పాలకేంద్రం తన కింద పశువులెన్ని, ఏం మేస్తున్నాయి, ఎన్ని పాలిస్తున్నాయి అని నమోదు చేయించాలి. దాన్నిబట్టి లీటరు పాలకి ఎంత వాయువు పడుతుందో లెక్క తీస్తారు. హద్దు లోపలుంటే ఊరికి లీటరు మీద ప్రోత్సాహకం. వరసగా రెండు విడతలు హద్దు దాటితే పాలధరలో కోత.

మొదటి విడతలో మొగలిలంక హద్దు దాటింది. దాటడమంటే మామూలుగా కాదు, మొత్తం పథకంలోనే ఆఖరున నిలిచింది. ఇక మిగిలింది ఒక్క విడత.

ఈ కబురు ఊళ్ళోకి రాగానే పోతురాజుకి పండగైంది. పోతురాజు పశువుల బేరగాడు. ఏ వీధిలో ఏ గేదె చూలుతో ఉందో ఇంటివాళ్ళకన్నా ముందు అతనికే తెలుస్తుంది. “గేదెకో మీటరు బిగిత్తారక్కా. కరెంటు బిల్లులాగా త్రేన్పు బిల్లొత్తాది. ఇప్పుడైతే నేను కొంటాను, రేపైతే ఎవడూ కొనడు” అని ఇంటింటికీ చెప్పుకొచ్చాడు. భయపడ్డవాళ్ళు సగం ధరకే తోలేశారు. పశువులు ఇంకొన్ని పోతే కేంద్రంలో క్యాన్లు నిండవు, క్యాన్లు నిండకపోతే పాలవ్యాను గట్టు దిగి రాదు. వ్యాను రాకపోతే పాలు అమ్ముకునే దారి లేక మిగిలిన గేదెలు కూడా పోతాయి.

ఆ కేంద్రం సంపూర్ణమ్మది. కాగితాల మీద మహిళా సంఘానిది, ఊరి లెక్కలో మాత్రం సంపూర్ణమ్మదే.

సంపూర్ణమ్మకి యాభై దాటాయి. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఎక్కడికో వెళ్ళే తొందరలో ఉన్నట్టుంటుంది. ఏడో తరగతిలో చదువు ఆపించి వశిష్ట గోదావరి అవతలి ఒడ్డునుంచి ఈ లంకకి కోడలిగా తెచ్చారు. ఆ ఏడాదే ఎనభై ఆరు వరద వచ్చింది. పడవలు మనుషులకే చాలక పశువుల్ని వదిలేయమన్నారట. కొత్త కోడలు వినలేదు. పెద్ద గేదె తోక పట్టుకుని నీళ్ళలోకి దిగింది. ఒకటి దిగితే మిగతావీ దిగాయి. గేదెలు ఈదుకుంటూ గట్టు చేరాయి, వాటితో పాటు ఆమె కూడా. “దాన్ని నేను తోలానని ఊరంతా అంటారు. అదే నన్ను ఈడ్చుకెళ్ళింది. నాకు ఈతే రాదు” అని ఇప్పటికీ నవ్వుతుంది. ఆమె భర్త అప్పాజీ ఆ కథ చెప్పేటప్పుడు మాత్రం నవ్వడు.

తర్వాత చాలా ఏళ్ళకి పాలకేంద్రం పెట్టుకోవాలని ఆడవాళ్ళని కూడగట్టింది ఆమే. అంతవరకు పాలు కొనేవాడు చెప్పిందే కొలత. సంపూర్ణమ్మ పాలకొల్లు వెళ్ళి వెన్నశాతం చూసే మిషన్ నడపడం నేర్చుకొచ్చింది. మొదటిరోజు కేంద్రానికి నలుగురే పాలు తెచ్చారు. ఆ నలుగురి ముందూ అంకెను పైకి చదివింది. ఆ అలవాటు ఎప్పుడూ మానలేదు. ఎవరి పాలైనా అంకె పైకి చదవాల్సిందే, తన పాలైనా సరే.

అలాంటి మనిషి ఊరికి చెడ్డపేరు వచ్చిందని తెలిసిన దగ్గర్నుంచి మాట్లాడటం తగ్గించింది. రెండో విడత నమోదుకి వినీల వచ్చిన రోజున కేంద్రంలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. గ్లాసు మీద మీగడ వేలిమందాన కట్టింది.

వినీల కాఫీ చూస్తూ కూర్చుంది.

“తాగండమ్మా, చల్లారిపోద్ది.”

“సంపూర్ణమ్మగారూ, ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఈ ఊళ్ళో ఏ ఇంటికెళ్ళినా ఉట్టి నిండా పెరుగు. టీ కొట్టుకి పాలు ఈ ఊరివే. పెనుగొండ హోటలుకి ఇక్కడినుంచే బిందెలు వెళ్తున్నాయి. ఇంకా కేంద్రానికి పోస్తున్నారు. గేదె మూడు లీటర్లే ఇస్తుంటే ఇవన్నీ ఎక్కడినుంచి వచ్చాయి?”

అరుగు మీద వల అల్లుకుంటున్న అప్పాజీ దగ్గాడు.

“మీకు తక్కువ చెబితే పన్ను తక్కువ పడుద్దని ఊళ్ళో అనుకున్నారండి. ఆయ్, పైగా దిష్టి” అన్నాడు.

“తక్కువ చెబితే కోత ఎక్కువ పడుతుంది బాబాయ్‌గారూ!” వినీల గొంతు ఆమెకే తెలియకుండా లేచింది. “గేదె తన ఒంటికోసం ఎలాగూ మేస్తుంది, నెమరేస్తుంది, త్రేన్చుతుంది. పాలు ఎక్కువున్నాయనుకోండి, ఆ త్రేన్పులన్నీ ఎక్కువ లీటర్ల మీదికి సర్దుకుంటాయి. మూడే అన్నారనుకోండి, మొత్తం ఆ మూడు లీటర్ల నెత్తినే పడుతుంది. పథకంలో లీటరుకే లెక్కకడుతున్నారు.”

సంపూర్ణమ్మ కళ్ళు చికిలించింది. “ఆటోలాగన్నమాట. ఇద్దరెక్కినా పదిమందెక్కినా పెనుగొండ దాకా ఆయిలు ఇంచుమించు అంతే.”

“అంతేనండి!”

“ఓరి నాయనోయ్.” ఆమె నుదురు కొట్టుకుంది. “మన వేలితో మన కన్నే పొడుచుకున్నాం. నేనూ నాలుగే చెప్పానమ్మా. మా మహాలక్ష్మి పది ఇత్తాది.” ఆ మాట అంటూనే పక్కకి తిరిగి మూడుసార్లు తూ తూ అని ఉమ్మింది.

“పదా?” అప్పాజీ చేతిలో వల ఆగిపోయింది. “అయిదంటావు గదే ఎప్పుడూ! కట్టుకున్నవాడికి కూడా చెప్పలేదు చూడండమ్మా. మీ పుణ్యమా అని ఈరోజు తెలిసింది.”

“మీ దిష్టే ముందు తగుల్తాదని చెప్పలేదు.”

వినీలకి నవ్వొచ్చింది. “అయితే ఇంటింటికీ వెళ్ళి చెబుదామండి. నిజం చెప్పండి, మంచి జరుగుతుందని.”

“ఎవరు నమ్ముతారమ్మా? నిన్నటిదాకా ఎక్కువ చెబితే పన్నన్నారు, ఇప్పుడు తక్కువ చెబితే పన్నంటున్నారు, రేపు ఇంకోటి అంటారని తలుపేసుకుంటారు. పాలెన్నని అడిగితే ఈ జిల్లాలో ఎవరూ చెప్పరు.” ఆమె లేచి నిలబడింది. “పోటీ పెడితే చెబుతారు.”

పాలపోటీ అంటే గోదావరి జిల్లాల్లో జనానికి ప్రాణం. పక్కింటామెకి కూడా చెప్పని లెక్కని పోటీలో వందమంది ముందు పిండి చూపిస్తారు. “మరి పోటీలో దిష్టి తగలదా?” అని వినీల అడిగింది.

“ఎందుకు తగలదు? గుమ్మడికాయ కొట్టుకుంటారు. ఓడిపోతే పోయే పరువుకి గుమ్మడికాయ లేదు కదా.”

వినీలకి ఆశ పుట్టింది గాని, చదువు అడ్డుపడింది. పోటీ అనగానే ముందురోజు దాణా కుమ్మేస్తారు, ఆ అంకె పై అధికారులు ఒప్పుకోరు. సంపూర్ణమ్మకి ఇంకో చిక్కు తెలుసు. గేదెని కొత్తచోటికి తోలితే పాలు చేపదు, పొదుగులోనే బిగబట్టుకుంటుంది. ఇద్దరూ కూర్చుని ఒక్కో చిక్కూ విప్పారు. పోటీ ఏరోజో ముందు చెప్పకూడదు. గేదెలు కదలకూడదు, కొలిచేవాళ్ళే కదలాలి. పైవీధి ఆడవాళ్ళు దిగువవీధి పాలు కొలవాలి, దిగువవీధి వాళ్ళు పైవీధివి కొలవాలి. ఆ రెండు వీధులకీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది కాబట్టి చారెడు నీళ్ళు కలిపినా దొరికిపోతారు. ఏ వీధి గేదెలకి సగటు పాలు తక్కువొస్తే ఆ వీధి రెండోవీధికి పాయసం వండి పెట్టాలి.

“సగటుదాకా ఆలోచించారే!” అంది వినీల.

“పైవీధిలో గేదెలెక్కువ కదమ్మా. మొత్తం లెక్కేస్తే దిగువవీధి వాళ్ళు నన్ను బతకనిస్తారా?”

నాలుగురోజుల తర్వాత, ఇంకా తెల్లగా తెల్లవారకముందే, లూథరన్ చర్చి మైకులో ఏసుపాదం గొంతు మోగింది. ఏసుపాదం చర్చిలో పెద్ద, కేంద్రానికి పాలు పోసేవాళ్ళలోనూ పెద్ద. “ఊరివారికి తెలియజేయడమేమనగా, పోటీ ఈ పూటే! సాయంత్రం కూడా ఉంటుంది! ఎవరి పాలు వాళ్ళు ముందే పిండేసుకోవద్దు!”

మొగలిలంక ఒక్క ఊపున లేచింది. పైవీధి తరఫున బుల్లెమ్మ చీర కుచ్చిళ్ళు బిగించి, కొలత క్యాను చంకనేసుకుని దిగువవీధిలోకి దిగింది. ఆమె వెనక డప్పు. డప్పు మోతకి గేదెలు బెదురుతాయని వీధి మొదట్లోనే ఆపించేశారు. ఆడవాళ్ళు గుసగుసలాడుతూ, ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ పాకల్లోకి తొంగిచూశారు. అంకె పైకి చదవగానే కేకలు.

“ఏడున్నర!”

“ఏడున్నరా! మొన్న రెండన్నావు కదే సూర్యకళా?”

“మొన్న రెండో తారీకు కదా, అందుకని రెండన్నాను.”

ఏసుపాదం గేదె మెళ్ళో నల్లతాడు, గవ్వలు కనిపించాయి బుల్లెమ్మకి. “మీ చర్చివాళ్ళకి దిష్టి లేదన్నావు కదా బాబాయ్, మరిదేంటి?”

“అది అందానికమ్మా.”

“గవ్వలు అందానికి, మరి మిరపకాయ?”

“మిరపకాయ కూడా అందానికే. ముందు అంకె చదువు.”

వినీల ప్రతి అంకెనీ ట్యాబ్‌లో ఎక్కిస్తూ వీధివెంట పరుగులాంటి నడకతో తిరిగింది. పాపని వదిలి వచ్చిన సంగతి కూడా ఆ గంటసేపు గుర్తురాలేదు. అన్ని పాకల్లోనూ ఇన్నాళ్ళూ దాచిన పాలు నురగలెత్తుతున్నాయి.

దిగువవీధి చివర తడిక వేసి ఉంది. అది లోవమ్మ పాక. తడిక ముందు పోతురాజు చిన్న వ్యాను ఆగి ఉంది.

లోవమ్మ మొగుడు పోయి మూడేళ్ళు. రెండు గేదెల మీదే ఇద్దరు పిల్లల్ని చదివిస్తోంది. పెద్ద గేదెని పోతురాజుకి ఇచ్చేస్తానని మాటిచ్చి బయానా తీసుకుంది. కొనేవాడు కొత్త పలుపు తాడు తెచ్చుకోవాలి, అమ్మేవాళ్ళ పలుపు వాళ్ళింట్లోనే ఉండిపోవాలి. అది ఆ వైపు ఆచారం. పోతురాజు తెచ్చిన కొత్త పలుపు అప్పటికే పాకలో మేకుకి వేలాడుతోంది.

“లోవమ్మగారూ!” అంటూ వినీల తడిక దగ్గరికి వెళ్ళబోయింది. ఈ ఒక్కరికీ నచ్చచెప్పలేకపోతే ఇంత గోలా ఎందుకనిపించింది. సంపూర్ణమ్మ ఆమె చెయ్యి పట్టి ఆపింది.

“ట్యాబ్ ఇక్కడ పెట్టండి. నాతో రండి, నిలబడకండి.”

లోపల లోవమ్మ గేదె పక్కన గొంతుక్కూర్చుని ఉంది. అమ్మేసినా అమ్మకపోయినా పొద్దున పాలు తీయక తప్పదు. కళ్ళు వాచి ఉన్నాయి. సంపూర్ణమ్మ ఏమీ అనకుండా వెళ్ళి పక్కనే నేలమీద కూర్చుంది. దూడని దగ్గరికి లాక్కుని మెడ గోకసాగింది. వినీల ఇంకోపక్క కూర్చుంది.

“దూడకి వదిలావా?”

“వదిలాను వదినా. రేపట్నుంచి తల్లి ఉండదు కదా, కడుపునిండా తాగనిచ్చాను.” బక్కెట్లో పాలు జుయ్ జుయ్‌మంటూ పడుతున్నాయి.

“ఏం పెడుతున్నావు దీనికి?”

“గట్టుమీద పచ్చిమేత కోసుకొత్తాను. తౌడు, కొబ్బరిచెక్క. ఎండుగడ్డి తక్కువే.”

“మీ ఆయన కొన్నదే కదూ?”

“పెయ్యగా ఉన్నప్పుడు భుజాన ఏసుకుని రేవు దాటించాడు.” లోవమ్మ చేతులు ఆగలేదు.

“ఎన్నిత్తాదే?”

“ఏదోలే వదినా, పిల్లలకి సరిపోతాయి. ఆ రెండో బక్కెట్టు ఇలా అందుకో.”

సంపూర్ణమ్మ భుజాలు కదలడం మొదలెట్టాయి. వినీల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లోవమ్మ తన మాట తనే విని, నిండిన బక్కెట్టుని చూసి, ఏడుస్తూనే నవ్వేసింది.

“పదహారు!” అని గట్టిగా అంది. “రెండుపూటలా పదహారిత్తాది నా బంగారం! ఎవరికీ చెప్పలేదు. ఆయనకే చెప్పేదాన్ని.”

“అయితే అమ్మడం దేనికే?”

“బిల్లొత్తాదన్నారు కదా.”

వినీల అప్పుడు మెల్లిగా, చేత్తో దూడని నిమురుతూ, ఆటో సంగతి చెప్పింది. పదహారు లీటర్లిచ్చే గేదె ఉంటే ఊరి అంకె కిందికి దిగుతుందనీ, ఇది వెళ్ళిపోతే పైకి ఎక్కుతుందనీ చెప్పింది. లోవమ్మ పాలు తీస్తూనే విన్నది. రెండో బక్కెట్టులో ఆఖరి ధార కూడా పిండాక లేచి తడిక తీసింది.

బుల్లెమ్మ పాలు కొలిచింది. పైవీధి మనిషి కాబట్టి ముఖం మాడ్చుకుని కొలిచింది. రెండోసారి కూడా కొలిచింది. ఇక తప్పక చదివింది. “తొమ్మిదింబావు. ఒక్కపూటవే.”

దిగువవీధి దద్దరిల్లింది. డప్పువాడు ఉండబట్టలేక వాయించేశాడు. లోవమ్మ గేదె చెవులు రిక్కించింది గాని, పాలు తీసేశారు కాబట్టి దానికేం పట్టలేదు.

పోతురాజు ముందుకొచ్చాడు. “అక్కా, మాటంటే మాట కదా మరి.”

లోవమ్మ మేకునున్న కొత్త పలుపు తీసి అతని భుజాన వేసింది. “పలుపు మెడకి కట్టాక బేరం అయినట్టని నువ్వే చెబుతావు కదా తమ్ముడూ. ఇది మేకుకే ఉంది. నీ బయానా గూట్లో ఉంది, ముట్టుకోలేదు. పట్టుకెళ్ళు.”

“మరి మీటరు బిగిత్తే?”

“ముందు నీ నోటికి బిగిత్తారురా” అంది సంపూర్ణమ్మ. పోతురాజు కూడా నవ్వక తప్పలేదు. వెళ్తూ వెళ్తూ ఖాళీ వ్యాను గట్టెక్కలేదని నలుగురు ఆడవాళ్ళ చేత తోయించుకున్నాడు.

సాయంత్రం రెండోపూట కొలతలయ్యాక గుమ్మడికాయలు పగిలాయి. ఏసుపాదం ఇంట్లో ప్రార్థన జరిగింది. దిగువవీధి గెలిచింది. బుల్లెమ్మ ఏలకులు ఎక్కువేసి మరీ పాయసం వండింది, ఓడినా వంటలో ఓడలేదనిపించుకోవాలని.

పై అధికారులు ముందు నమ్మలేదు. ఒక్క విడతలో ఇన్ని పాలు ఎక్కడినుంచి ఊరాయని అడిగారు. చెప్పకుండా రెండుసార్లు వచ్చి తామే కొలిపించుకున్నారు. రెండుసార్లూ ఆ అంకెలే ఇంచుమించుగా వచ్చాయి. పథకంలో ఆఖరున ఉన్న మొగలిలంక హద్దుకి బాగా లోపలికి, మొదటి వరసలోకి వచ్చి నిలిచింది. పచ్చిమేత ఎక్కువ పెట్టడం వల్ల లీటరుకి పడే వాయువు తక్కువని, ఆ సంగతి ఇన్నాళ్ళూ కనబడకుండా ఉన్నది పాలు దాచడం వల్లేనని వినీల నివేదికలో రాసింది. వీధి మార్చి కొలిచే పద్ధతిని మిగతా ఊళ్ళలోనూ పెట్టమన్నారు. ఆ కబురు వచ్చినరోజు పాలవ్యానుకి ఎవరో బంతిపూల దండ కట్టారు. సంపూర్ణమ్మ ప్రోత్సాహకం సంగతి మైకులో తనే చదివింది, అంకెతో సహా, ఎప్పటిలాగే పైకి. అప్పాజీ అరుగు మీద లేచి నిలబడి విన్నాడు.

ఆ రోజే వినీల ఆమెని అడిగింది. “నేను అదే ఇంటికి రెండుసార్లు వెళ్ళానండి. అదే ప్రశ్న అడిగాను. నాకు మూడో నాలుగో అన్న మనిషి మీకెందుకు నిజం చెప్పింది?”

సంపూర్ణమ్మ క్యాను కడుగుతోంది. వినీల చేతికి రెండో క్యాను, పీచు ఇచ్చి, పక్కన కూర్చోమని సైగ చేసింది. ఇద్దరూ తోముతుండగా చెప్పింది.

“మీరు మధ్యాహ్నం వెళ్ళారు, ఎదురుగా నిలబడ్డారు. ఎదురుగా నిలబడి అడిగితే ఎవరైనా దాచుకుంటారమ్మా. పెద్దోళ్ళైనా, పసిపిల్లలైనా. ఏదైనా తెలుసుకోవాలంటే వాళ్ళ చేతుల్లో పని ఉన్నప్పుడు వెళ్ళి, పక్కన కూర్చుని, మీరూ ఓ చెయ్యెయ్యండి. ముందు వేరే సంగతులు అడగండి. అసలుది ఆఖర్న అడగండి.”

వినీల ఇప్పుడు ఏ ఊరెళ్ళినా పాలు తీసే వేళకే వెళ్తుంది. ట్యాబ్ సంచీలోనే ఉంచి, దూడని పట్టుకుని నేలమీద కూర్చుంటుంది. ఇంటికొచ్చాక పాప రోజంతా ఎలా ఉందో గుమ్మంలోనే నిలబడి అడగడం మానేసింది. దానితో కలిసి చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంది, అసలు ప్రశ్న ఆఖర్న అడుగుతుంది.